తండ్రి మత్తు బిడ్డకు చేరుతుందా?

పదో తరగతిలో అనువంశికత పాఠం చెబుతున్నప్పుడు మెండెల్ బఠానీ మొక్కల దగ్గర ప్రశ్నలు పెద్దగా రావు. పొడుగు, పొట్టి, గుండ్రన, ముడతలు అని అందరూ చకచకా పట్టికలు గీసేస్తారు. చిక్కంతా పాఠం మనుషుల దాకా వచ్చినప్పుడే. ఒకసారి వెనక బెంచీ కుర్రవాడొకడు లేచి, "సార్, మా నాయన రోజూ కల్లు తాగుతడు. నేను గూడ గట్లనే అయితనా?" అని అడిగాడు. తరగతిలో కొందరు నవ్వారు, కొందరు నవ్వలేదు. నవ్వనివాళ్ళ ఇళ్ళలోనూ ఆ ప్రశ్న ఉందన్నమాట.

ఈ ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు, ఎందుకంటే అందులో నాలుగు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. తండ్రి జన్యువుల ద్వారా ఏం వస్తుంది? తండ్రి తాగినందువల్ల అతని బీజకణాల్లో ఏమైనా మారుతుందా? బిడ్డ కడుపులో ఉండగా తల్లి తాగితే ఏమవుతుంది? పుట్టాక తాగుడు ఉన్న ఇంట్లో పెరగడం వల్ల ఏమవుతుంది? వీటిలో రెండోది అన్నిటికన్నా కొత్తది, విచిత్రమైనది. ఈ వ్యాసంలో ఎక్కువగా దాని గురించే చూద్దాం. దానికన్నా ముందు కల్లు సంగతి తెలుసుకోవాలి.

కల్లులో ఏముంది?

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల్లో ఈత చెట్లు, తాటి చెట్లు లేని ఊరు అరుదు. 2016లో జిల్లాలను విడదీశాక సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల అని పేర్లు పెరిగాయి గాని చెట్లు అవే, గీతపని అదే. గౌడన్న మోకు ముత్తాదు వేసుకొని చెట్టెక్కి, గెలను గీసి, కింద లొట్టి కడతాడు. చెట్టు నుంచి కారే రసం తియ్యగా ఉంటుంది. అందులో పదోవంతుకు పైగా చక్కెర ఉంటుంది. లొట్టికి లోపల సున్నం పూస్తే ఆ రసం పులియకుండా ఉంటుంది. అదే నీరా. సున్నం లేకపోతే గాలిలోనూ లొట్టిలోనూ ఉన్న ఈస్టు కణాలు చక్కెరను ఇథైల్ ఆల్కహాలుగానూ కార్బన్ డయాక్సైడుగానూ మారుస్తాయి. కల్లు నురగలు కక్కేది ఈ వాయువు వల్లనే. కొన్ని గంటల్లో ఆల్కహాలు నూటికి నాలుగైదు వంతుల దాకా చేరుతుంది. సాయంత్రానికి పులుపెక్కుతుంది.

ఇది చెట్టు కల్లు. దుకాణాల్లో అమ్మేదంతా ఇది కాదు. చెట్లు తక్కువ, తాగేవాళ్ళు ఎక్కువ. పైగా చెట్టు అన్ని నెలల్లోనూ ఒకేలా పారదు. అందుకని నీళ్ళు కలుపుతారు. నీళ్ళు కలిపితే తీపి పోతుంది గనుక శాకరిన్ వేస్తారు. మత్తు కూడా పోతుంది గనుక మత్తుమందు వేస్తారు. తెలంగాణ జిల్లాల్లో ఎక్సైజు అధికారులు పట్టుకున్న కల్తీ కల్లులో ఏళ్ళ తరబడి కనిపిస్తూ వచ్చిన మందులు మూడు: క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్ప్రజోలామ్.

క్లోరల్ హైడ్రేట్ పాత మందు. జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ దీన్ని 1832లో తయారుచేశాడు. 1869 నుంచి దాన్ని నిద్రమందుగా వాడారు. డయజిపామ్ 1963లో మార్కెట్లోకి వచ్చింది. ఆల్ప్రజోలామ్ 1981లో వచ్చింది. ఈ చివరి రెండింటినీ డాక్టర్లు ఆందోళన తగ్గించడానికి రాస్తారు. అంటే ఇవి స్వతహాగా విషాలు కావు, మందులే. కాని ఒక లెక్క చూడండి. ఆల్ప్రజోలామ్ చిన్న మాత్రలో ఉండే మందు 0.25 మిల్లీగ్రాములు. గ్రాములో 1000 మిల్లీగ్రాములుంటాయి. కాబట్టి ఒక్క గ్రాము పొడి 4000 మాత్రలతో సమానం! దాన్ని తూకం తెలియని చేయి ఒక పీపాలో వేసి కట్టెతో కలిపితే, ఒక సీసాలోకి ఎంత వచ్చిందో, పక్క సీసాలోకి ఎంత వచ్చిందో ఎవరు చెప్పగలరు?

మెదడులో ఇవి ఏం చేస్తాయి? మన మెదడులో నాడీకణాలను ఉసిగొల్పే రసాయనాలున్నట్టే వాటిని నిదానించే రసాయనం కూడా ఉంది. దాని పేరు గాబా. బండికి బ్రేకు ఎలాంటిదో మెదడుకు గాబా అలాంటిది. ఆల్కహాలు, క్లోరల్, డయజిపామ్, ఆల్ప్రజోలామ్ అన్నీ ఈ గాబా పనిని ఎక్కువ చేస్తాయి. అందుకే మనసు తేలికపడినట్టు ఉంటుంది, మాట తడబడుతుంది, నిద్ర వస్తుంది. రోజూ బయటినుంచి బ్రేకు అందుతూ ఉంటే మెదడు తన సొంత బ్రేకును సడలిస్తుంది. ఆ తరువాత ఒకనాడు మందు అందకపోతే, బ్రేకు సరిగ్గా లేని బండి వాలులో పడినట్టే. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. 2015 సెప్టెంబరులో కల్తీపై దాడులు పెరిగి మందు కల్లు దొరకక, మహబూబ్‌నగర్, నిజామాబాద్ వంటి జిల్లాల ఆసుపత్రులకు ఇలాంటి లక్షణాలతో చాలామంది వచ్చారు. తాము తాగుతున్నది కల్లు అనుకున్నారు గాని, తమ మెదడు అలవాటుపడింది అందులోని మాత్రల పొడికి అని వారిలో చాలామందికి అప్పటిదాకా తెలియదు.

తాగుడు మన దగ్గర ఎంత విస్తారంగా ఉందో ఒక అంకె చెబుతాను. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 ఏళ్ళు దాటిన మగవారిలో నూటికి 43 మంది, ఆడవారిలో నూటికి దాదాపు ఏడుగురు మద్యం తాగుతామని చెప్పారు. కాబట్టి వెనక బెంచీ ప్రశ్న ఒక్క కుర్రవాడిది కాదు.

తోక కోసిన ఎలుకలు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. తండ్రి శరీరంలో జరిగినది బిడ్డకు ఎలా చేరాలి? 1880ల్లో జర్మన్ జీవశాస్త్రజ్ఞుడు వైస్‌మన్ ఎలుకల తోకలు కోసి, వాటికి పిల్లలు పుట్టించి, ఆ పిల్లల తోకలూ కోసి, ఇలా వరసగా అనేక తరాలు చూశాడు. మొదటి 5 తరాల్లోనే 900 పైచిలుకు ఎలుకలు పుట్టాయి. ఒక్కటి కూడా తోక లేకుండా పుట్టలేదు. శరీర కణాలు వేరు, బీజకణాలు వేరు, శరీరానికి తగిలిన దెబ్బ బీజకణాల దాకా పోదు అని ఆయన చెప్పాడు. మీ పాఠ్యపుస్తకంలో ఉన్నదీ ఇదే. అది నేటికీ పెద్దమెత్తున నిజమే. కంసాలి కొడుకు సుత్తి పట్టుకొని పుట్టడు.

అయితే తోక కోయడం వేరు, రక్తంలో ఒక రసాయనం తిరగడం వేరు. తోక కోసినట్టు బీజకణానికి తెలిసే దారి లేదు. రక్తంలో ఆల్కహాలు మాత్రం శరీరమంతా తిరుగుతుంది, వృషణాల్లోకి కూడా పోతుంది. అక్కడ శుక్రకణాలు తయారవుతూ ఉంటాయి.

ఈ తయారీ సంగతి కొంచెం ఆగి చూడాలి. మగవారిలో శుక్రకణాలు యుక్తవయసు నుంచి ముసలితనం దాకా ప్రతిరోజూ కోట్ల సంఖ్యలో పుడుతూనే ఉంటాయి. ఒక్క శుక్రకణం మొదలు నుంచి పూర్తిగా తయారై బయటికి రావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. ఎలుకలో ఈ కాలం రెండు నెలలకు దగ్గరగా, చుంచెలుకలో ఇంకా తక్కువగా ఉంటుంది. అంటే ఈనాటి శుక్రకణం గత రెండున్నర నెలల తండ్రి రక్తంలో తడిసి వచ్చినదన్నమాట. ఆడవారి సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆడబిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడే ఆమె అండకణాలన్నీ ఏర్పడిపోతాయి. పుట్టేనాటికి అవి పది నుంచి ఇరవై లక్షలుంటాయి. ఆ తరువాత తగ్గడమే గాని కొత్తవి పుట్టవు. దీన్ని ఇంకో విధంగా చెప్పుకుంటే మీకు తమాషాగా ఉంటుంది: మీరు ఏ అండం నుంచి పుట్టారో ఆ అండం మీ అమ్మ ఇంకా పుట్టకముందే, మీ అమ్మమ్మ కడుపులో ఉండగానే తయారైంది!

పాత ప్రయోగాలు, పాత తగాదాలు

తాగి కన్న బిడ్డ బాగుండడన్న అనుమానం చాలా పాతది. గ్రీకు తత్వవేత్త ప్లేటో తన చివరి గ్రంథంలో, సంతానం కనబోయే దంపతులు తాగి ఉండరాదని రాశాడు. అయితే అనుమానం శాస్త్రం కాదు. దాన్ని మొదట గట్టిగా పరీక్షించినవారిలో ఒకడు న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాలకు చెందిన చార్లెస్ స్టాకర్డ్. 1910 ప్రాంతంలో ఆయన గినీ పందులను రోజూ కొంతసేపు ఆల్కహాలు ఆవిరిలో ఉంచాడు. అలా పెంచిన మగవాటిని మామూలు ఆడవాటితో జతకట్టించాడు. చచ్చి పుట్టిన పిల్లలు, బలహీనంగా ఉన్న పిల్లలు ఎక్కువయ్యాయని చెప్పాడు. కొద్ది ఏళ్ళకే రేమండ్ పెర్ల్ అనే ఇంకో అమెరికన్ శాస్త్రజ్ఞుడు కోళ్ళ మీద అలాంటి ప్రయోగమే చేసి, దానికి వ్యతిరేకమైన ఫలితం ప్రకటించాడు. పుట్టిన పిల్లలు తక్కువే గాని, పుట్టినవి దిట్టంగా ఉన్నాయట! బలహీనమైన బీజకణాలను ఆల్కహాలు ముందే ఏరివేసిందని ఆయన వాదన.

అప్పుడు అమెరికాలో మద్యనిషేధం కోసం పెద్ద గొడవ జరుగుతోంది. రెండు పక్షాలవారూ తమకు అనుకూలమైన ప్రయోగాన్ని పట్టుకొని ఊగారు. శాస్త్రం ఇలా ఊరేగింపులో నడిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. పైగా ఆ రోజుల్లో శుక్రకణం ఏం మోసుకుపోతుందో చూసే సాధనాలు లేవు. డి.ఎన్.ఎ. నిర్మాణం తెలిసింది 1953లో.

చెరువు, తూము

ఇక ఇక్కడ కొత్త సంగతి. ఆల్కహాలు డి.ఎన్.ఎ. అక్షరాలను మార్చకపోయినా, వాటి పనిని మార్చగలదు. ఎలాగంటే మన ఊరి చెరువును తలచుకోండి. చెరువు నిండా నీళ్ళున్నా తూము మూసి ఉంటే కింది పొలానికి చుక్క రాదు. తూము సగం తీస్తే సగం నీరు. నీళ్ళు అవే, చెరువు అదే, పారకం మాత్రం వేరు. జన్యువులకు కూడా ఇలాంటి తూములున్నాయి. మీరు కర్బన రసాయనంలో చదివిన మిథైల్ సమూహం (ఒక కార్బను, మూడు హైడ్రోజన్లు) డి.ఎన్.ఎ. మీద అక్కడక్కడ అతుక్కుంటుంది. అతుక్కున్నచోట సాధారణంగా ఆ జన్యువు పని తగ్గుతుంది. డి.ఎన్.ఎ. దారం హిస్టోను అనే ప్రోటీను ఉండల చుట్టూ చుట్టుకొని ఉంటుంది. ఆ ఉండల మీద ఎసిటైల్ సమూహం చేరితే చుట్టు వదులై జన్యువు పని పెరుగుతుంది. ఇవి గాక ఆర్.ఎన్.ఎ. ముక్కలు కొన్ని ఉన్నాయి. ఇవి శుక్రకణంతో పాటు అండంలోకి పోయి అక్కడ జన్యువుల పనిని అటూ ఇటూ చేయగలవు.

అక్షరాలు మారకుండా పని మారే ఈ విషయాన్ని చదివే శాస్త్రాన్ని ఎపిజెనెటిక్స్ అంటారు. 'జన్యువుల పైన' అని దాని అర్థం. వాడింగ్టన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1942లో ఈ పేరు పెట్టాడు. హైదరాబాదులో 1977లో మొదలైన సి.సి.ఎం.బి. లోనూ ఈ శాస్త్రంలో పరిశోధన జరుగుతోంది. దాని డైరెక్టరుగా పనిచేసిన రాకేశ్ మిశ్రా ఈ రంగంవారే.

ఒక జాగ్రత్త చెప్పాలి. శుక్రకణం అండంతో కలిసిన తరువాత ఇలాంటి గుర్తుల్లో చాలాభాగం చెరిగిపోతుంది. పాత లెక్కలు తుడిచి కొత్త పలక పట్టినట్టు. లేకపోతే తాత పడ్డ ప్రతి బాధా మనవడి మీద పడేది. అన్నీ చెరగవు, కొన్ని మిగులుతాయి. తగాదా అంతా ఆ కొన్నింటి గురించే.

ఎలుకలు చెప్పిన వింత

2013లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఫెయిర్ వాసోలర్, క్రిస్టఫర్ పియర్స్ మొదలైనవారు ఒక ప్రయోగం ప్రకటించారు. మగ ఎలుకలకు 60 రోజుల పాటు కొకైన్ తీసుకునే వీలు కల్పించారు. ఎందుకు 60? ఎలుక శుక్రకణం తయారీకి దాదాపు అంతకాలం పడుతుంది గనుక. పోల్చి చూడడానికి వేరే మగ ఎలుకలకు ఉప్పునీరు ఎక్కించారు. రెండు రకాల తండ్రులనూ, మందు ముఖమే చూడని ఆడ ఎలుకలతో జతకట్టించారు. ఆ పిల్లలు పెరిగాక వాటికీ కొకైన్ అందుబాటులో పెట్టారు.

ఇక్కడ ఆగి, ఏం జరిగి ఉంటుందో ఊహించండి. నేను అడిగిన ప్రతి తరగతిలోనూ దాదాపు అందరూ ఒకే జవాబు చెబుతారు: కొకైన్ తండ్రుల పిల్లలు కొకైన్‌ను ఎక్కువ కోరుకొని ఉంటాయని. జరిగింది దానికి వ్యతిరేకం. ఆ తండ్రుల మగపిల్లలు కొకైన్ తీసుకోవడం ఆలస్యంగా నేర్చుకున్నాయి, తక్కువగా తీసుకున్నాయి, దానికోసం శ్రమపడడానికి అంతగా ఇష్టపడలేదు. ఆడపిల్లల్లో ఏ తేడా లేదు. మగపిల్లల మెదడు ముందుభాగంలో బి.డి.ఎన్.ఎఫ్. అనే ప్రోటీను ఎక్కువగా ఉంది. నాడీకణాల పెరుగుదలకు తోడ్పడే ప్రోటీను ఇది. తండ్రుల శుక్రకణాలు తీసి చూస్తే సరిగ్గా ఈ ప్రోటీను జన్యువు దగ్గరే హిస్టోను ఉండల మీద ఎసిటైల్ గుర్తులు ఎక్కువయ్యాయి. తూము ఎక్కడ వదులైందో అక్కడే పారకం పెరిగిందన్నమాట.

మరుసటి ఏడు, 2014లో, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఫైనగర్ష్, హోమానిక్స్ అనేవారు మగ చుంచెలుకలను 5 వారాలపాటు ఆల్కహాలు ఆవిరిలో ఉంచి ఇలాంటి పనే చేశారు. వాటి మగపిల్లలకు ఒక సీసాలో నీళ్ళు, ఒక సీసాలో ఆల్కహాలు కలిపిన నీళ్ళు పెడితే అవి ఆల్కహాలును తక్కువగా తాగాయి. తాగినదానికే త్వరగా తూలాయి. ఇక్కడ కూడా ఆడపిల్లల్లో ఆ తేడా కనిపించలేదు.

అయితే తండ్రి తాగితే కొడుక్కి మంచిదేనా? తొందరపడకండి. కొకైన్ తండ్రుల మగపిల్లలకు వస్తువు ఎక్కడ పెట్టి ఉందో గుర్తుంచుకునే శక్తి తగ్గిందని అదే పియర్స్ బృందం 2017లో చూపింది. ఆ ఏడే చైనాలోని ఫుడాన్ విశ్వవిద్యాలయం వారు ఇంకో చమత్కారం బయటపెట్టారు. కొకైన్ కోసం తమంతట తాము విపరీతంగా వెంపర్లాడిన తండ్రుల సంతానంలో ఆ మోజు ఎక్కువగా కనిపించింది. మందును తమ ప్రమేయం లేకుండా ఎక్కించుకున్న తండ్రుల సంతానంలో అది కనిపించలేదు. టెక్సాస్‌లో మైకేల్ గోల్డింగ్ బృందం 2023లో ప్రకటించిన పనిలో, తాగిన తండ్రి చుంచెలుకల పిల్లల ముఖం ఎముకల పెరుగుదలలో తేడాలు వచ్చాయి. అంతకుముందు దాకా అలాంటి తేడాలకు తల్లినే తప్పుపట్టేవారు.

స్టాకర్డు, పెర్ల్ తగాదా మళ్ళీ మొదటికి వచ్చినట్టు లేదూ? తేడా ఏమిటంటే ఇప్పుడు శుక్రకణాన్ని తెరిచి చూడగలం. ఈ ప్రయోగాలన్నిటిలోనూ నన్ను ఆకట్టుకునేది ఫలితం కన్నా వాటి ఏర్పాటు. తండ్రి ఎలుక జతకట్టాక బోను నుంచి వెళ్ళిపోతుంది. పిల్లలు దాన్ని చూడనైనా చూడవు. తల్లి ఏ మందూ ఎరగదు. కాబట్టి తండ్రి నుంచి పిల్లలకు వచ్చిందేదైనా శుక్రకణంలోనే రావాలి. మనుషుల్లో ఇంత శుభ్రంగా విడదీయడం ఎవరికి సాధ్యం? తాగే తండ్రి బిడ్డ పుట్టాక వెళ్ళిపోడు. అదే ఇంట్లో ఉంటాడు, అదే మంచంలో పడుకుంటాడు.

మనుషుల సంగతి

అయినా కొంతవరకు విడదీసి చూసినవారు లేకపోలేదు. డెన్మార్క్ దేశంలో దత్తతల వివరాలు చాలా జాగ్రత్తగా భద్రపరుస్తారు. డోనాల్డ్ గుడ్విన్ అనే అమెరికన్ డాక్టరు అక్కడివారితో కలిసి, కన్న తల్లి లేక తండ్రి తాగుబోతుగా ఉండి, పుట్టిన కొద్ది వారాల్లోనే వేరే ఇంటికి దత్తత పోయిన మగపిల్లలు 55 మందిని పెద్దయ్యాక పరిశీలించాడు. తాగుబోతులు కాని తల్లిదండ్రులకు పుట్టి దత్తత పోయిన 78 మందిని పక్కన పెట్టుకున్నాడు. 1973లో ఫలితం ప్రకటించాడు. మొదటి గుంపులో 10 మంది, రెండో గుంపులో 4 గురు తాగుడుకు బానిసలయ్యారు. శాతాలు మీరే కట్టండి: 18, 5. పెంచినవారు వేరైనా తేడా మూడు రెట్లకు పైగా ఉంది. ఇందులో ఎక్కువభాగం మామూలు జన్యువుల పని అనుకోవాలి. శుక్రకణం మీది గుర్తుల వాటా ఎంతో ఈ లెక్కలో విడిగా తేలదు.

అయితే అదే లెక్కను ఇంకో వైపునుంచి చదవండి. 55లో 10 తీసేస్తే 45. తాగుబోతుకు పుట్టినవారిలో నూటికి 82 మంది తాగుబోతులు కాలేదు. వెనక బెంచీ కుర్రవాడికి నేను నల్లబల్ల మీద రాసి చూపిన అంకె ఇదే. తాగుడు అనేది ఎర్రటి పువ్వు, తెల్లటి పువ్వు లాగా ఒక్క జన్యువుతో తేలేది కాదు. ఎన్నో జన్యువులు తలా కొంచెం మొగ్గు చూపుతాయి. మొగ్గు ఉన్నవాడికి మొదటి సీసా అందరికన్నా ప్రమాదకరం. కాని ఆ సీసా చేతికి రాకపోతే మొగ్గు మొగ్గుగానే ఉండిపోతుంది. నలుపు జుట్టు జన్యువు ఇలా కాదు, మనం ఏం చేసినా జుట్టు నల్లగానే వస్తుంది.

శుక్రకణాల మీది గుర్తులను మనుషుల్లో సూటిగా చూసిన పని కూడా ఒకటి చెబుతాను. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారు గంజాయి వాడే 12 మంది, వాడని 12 మంది మగవారి శుక్రకణాలను పోల్చారు. 2018 చివర ఫలితం వచ్చింది: డి.ఎన్.ఎ. మీద మిథైల్ గుర్తులు చాలాచోట్ల వేరుగా ఉన్నాయి. వాటిలో కొన్ని మెదడు పెరుగుదలకు సంబంధించిన జన్యువుల దగ్గర ఉన్నాయి. తరువాత అదే బృందం వాడేవారిని 77 రోజులు మానిపించి మళ్ళీ చూసింది. గుర్తుల తేడాలు చాలావరకు తగ్గాయి. 77 రోజులే ఎందుకో మీకు ఇప్పటికే తెలిసి ఉండాలి. ఈ రెండున్నర నెలల్లో పాత శుక్రకణాలు పోయి, గంజాయి తగలని కొత్తవి తయారవుతాయి. ఒక్క నెల మానితే చాలదని గోల్డింగ్ చుంచెలుకలు కూడా చెప్పాయి.

తల్లి కడుపులో ఉన్నప్పటి సంగతి ఇంత అస్పష్టం కాదు. తల్లి తాగిన ఆల్కహాలు మాయను దాటి నేరుగా బిడ్డ రక్తంలోకి పోతుంది. దీనివల్ల పుట్టుకతో వచ్చే లోపాలకు 1973లో అమెరికాలో జోన్స్, స్మిత్ అనే డాక్టర్లు పేరు పెట్టారు. చిన్న తల, ప్రత్యేకమైన ముఖం, నిలకడలేని చూపు, చదువులో వెనకబడడం దాని లక్షణాలు. మన పల్లెల్లో కల్లు చలువ చేస్తుందని, బాలింతకు పాలు పడతాయని ఇచ్చే ఇళ్ళున్నాయి. చెట్టు కల్లయినా అందులో ఆల్కహాలు ఉంది. దుకాణం కల్లయితే ఆల్ప్రజోలామ్ కూడా ఉండవచ్చు. అది మాయనూ దాటుతుంది, పాలలోకీ వస్తుంది.

ఇక నాలుగోది, ఇల్లు. దీనికి సూక్ష్మదర్శిని అక్కరలేదు. రాత్రి గొడవకు నిద్రలేని పిల్ల పొద్దున లెక్కల గంటలో తూగితే అది ఎపిజెనెటిక్స్ కాదు, నిద్ర చాలకపోవడం. కూలి డబ్బులు దుకాణానికి పోతే పుస్తకాల సంచి పలచబడుతుంది. ఇంకొక సంగతి, పండుగనాడు ముద్దుకు పిల్లవాడి నోట్లో రెండు గుక్కలు పోసే పెద్దలున్నారు. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలను చూస్తున్న నాకు, శుక్రకణం ద్వారా వచ్చే దానికన్నా ఈ దారిన వచ్చేదే ఎక్కువని అనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం, ప్రయోగ ఫలితం కాదు.

ఒక ముఖ్యమైన మాట మిగిలింది. ఈ వ్యాసం చదివి ఇంట్లో ఎవరినైనా "రేపటినుంచి పూర్తిగా బంద్ చెయ్యి" అని పట్టుబట్టకండి. మందు కలిపిన కల్లుకు ఏళ్ళ తరబడి అలవాటుపడినవారు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లోపలే ఫిట్స్ రావచ్చు, మతి చలించవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. 2015లో జరిగింది అదే. వణుకు, చెమటలు, నిద్రలేమి, ఉన్నట్టుండి భయం, లేనివారితో మాట్లాడడం కనిపిస్తే భూతవైద్యుడి దగ్గరికి కాదు, జిల్లా ఆసుపత్రికి తీసుకుపోవాలి. తాగుతున్నది కల్లు అని మాత్రమే చెప్పక, ఏ దుకాణంలోదో, రోజుకు ఎన్ని సీసాలో, ఎన్నేళ్ళ నుంచో డాక్టరుకు చెప్పాలి. ఆయన అలాంటి జాతి మందునే తెలిసిన మోతాదులో మొదలుపెట్టి, కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలలో మెల్లమెల్లగా తగ్గిస్తాడు. మెదడు తన సొంత బ్రేకును మళ్ళీ బిగించుకోవడానికి ఆ వ్యవధి కావాలి. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయంలోనూ ఈ వైద్యం ఉంది. ఫోనులో సలహా కావాలంటే మత్తు అలవాటు మానిపించడానికి ఉన్న జాతీయ నంబరు 14446, మానసిక ఆరోగ్యానికి 14416. రెండింటికీ డబ్బు చెల్లించనక్కరలేదు.